ఏ యూనివర్సిటీ లెక్కలు మంచివి?

విశ్వవిద్యాలయాల తారతమ్యం నిర్ణయించే అర్హత వాటిలో చదవనివాళ్ళకే ఉంది.

ఈ మాట తమాషాకి అనడం లేదు. డిగ్రీ పుచ్చుకున్నవాడు తనకు డిగ్రీ ఇచ్చిన చోటి పక్షాన మాట్లాడతాడు. ఉప్పు తిన్న విశ్వాసం, తప్పు పట్టలేం. ఏ డిగ్రీ లేనివాడికి ఆ బలహీనత లేదు. అతడు అన్నిటినీ ఒకే త్రాసులో వేసి తూచగలడు.

ఆ లెక్కన మా ఊరంత నిష్పక్షపాతమైన ఊరు ఈ రాష్ట్రంలో మరొకటి లేదు. గురజాలకు ఆరు మైళ్ళ దూరంలో, మిరపచేల మధ్య ఉన్న మా ఊళ్ళో పుట్టి యూనివర్సిటీ గడప తొక్కినవాడు ఒక్కడూ లేడు. అయినా పోయిన సంవత్సరం, అంటే అరవై రెండు జూన్ నుంచి డిసెంబరు దాకా, రాష్ట్రంలో ఉన్న మూడు యూనివర్సిటీలనూ మేం పోల్చి చూశాం. అందులో నా పాత్ర చిన్నది కాదు. మా కమిటీ హైస్కూలుకు సెక్రటరీని నేనే.

సంగతి ఇలా మొదలైంది. శివరామయ్య మాస్టారు మా బళ్ళో ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పి, ఆ ఏప్రిల్లో రిటైరై, కూతురి దగ్గరికి బాపట్ల వెళ్ళిపోయారు. ఆయన స్థానంలో బి.ఎస్సీ., బి.యిడి. చదివినవారు కావాలని పేపర్లో ప్రకటన వేశాం. ఇద్దరు వచ్చారు.

మొదటివాడు దేవానందం. ఈపూరు దగ్గర ఒక మిషన్ బడి పంతులు గారి కొడుకు. సముద్రం ఒడ్డున ఉన్న యూనివర్సిటీ డిగ్రీ. రెండోవాడు ఖాజా మొహిద్దీన్. మాచర్ల వాడే గాని, మేనమామ ఇంట్లో ఉండి కృష్ణ అవతలి యూనివర్సిటీలో చదివాడు. ఇద్దరివీ మంచి మార్కులే.

తెలివితక్కువ ఊరైతే ఏం చేసి ఉండేది? ఇద్దరి చేతా చెరొక పాఠం చెప్పించి, పిల్లలకు ఎవరు చెప్పింది తలకెక్కితే వాళ్ళను వేసుకునేది. మేం అంత తేలిగ్గా లొంగలేదు.

"ముందు యూనివర్సిటీ సంగతి తేలాల," అన్నారు ప్రెసిడెంటు వెంకటప్పయ్య గారు. ఊళ్ళో మిరప, పొగాకు చేలలో సగం ఆయనవే. "ఎద్దును తోలుకొచ్చేటప్పుడు ఏ సంతలోదో అడగమా? ఇదీ అంతే."

ఈ సూత్రంలో ఏమైనా లోపం ఉందా? పాఠకులే చెప్పాలి.

మొదటి మీటింగు హెడ్మాస్టరు గారి గది ముందు, నాపరాళ్ళ వరండాలో జరిగింది. కమిటీలో మూడో మనిషి నరసింహారావు గారు. గురజాల కోర్టులో ప్లీడరు గుమాస్తా కాబట్టి వాదన ఆయన సొత్తు. "సముద్రపు గాలికి ఇనప చువ్వే తుప్పు పడతది. మూడేళ్ళు ఆ గాలి పీల్చినోడి బుర్ర సంగతేంది?" అని లా పాయింటు తీశారు. నేను మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాను.

తరువాత కృష్ణ అవతలి యూనివర్సిటీ వంతు వచ్చింది. "మొన్నమొన్నటి దాకా అక్కడ చదువంతా ఉర్దూలో చెప్పారంట. ఉర్దూ కుడి నుంచి ఎడమకి రాస్తారు. అట్టా కూడిక చేస్తే ఏమొస్తది?" అన్నారు ఆయనే.

కూడిక మనమూ కుడివైపు నుంచే మొదలుపెడతామని హెడ్మాస్టరు గారు గొణిగారు. గొణుగుడు మినిట్స్‌లోకి ఎక్కదు.

అభ్యర్థులను ఇంటర్వ్యూ కూడా చేశాం. దేవానందాన్ని విద్యా ప్రమాణాలకు సంబంధించిన ప్రశ్నలే అడిగాం. తండ్రి పేరేమిటి, మతం పుచ్చుకోక ముందు తాత పేరేమిటి, వాళ్ళ ఊళ్ళో ఇల్లు ఏ వైపున ఉంటుంది, మా ఊరొస్తే ఎవరింట్లో అద్దెకు దిగుతాడు. అతను అన్నిటికీ నెమ్మదిగా జవాబు చెప్పాడు.

"ఇల్లు దొరక్కపోతే బళ్ళోనే పడుకుంటానండి," అన్నాడు.

యూనివర్సిటీలో చదివినవాడు బళ్ళో పడుకుంటాననడం ఆ యూనివర్సిటీకే అగౌరవం అని ప్రెసిడెంటు గారు నొచ్చుకున్నారు.

మొహిద్దీన్ ఇంకా పెద్ద పొరపాటు చేశాడు. "పొద్దుటి నుంచీ లెక్కలే మాట్లాడుకుంటున్నామండి, నాకన్నా ఆయన బాగా చెబుతాడు. ఒక్కటే ఉద్యోగం ఉంటే ఆయనకే ఇవ్వండి," అన్నాడు. దేవానందాన్ని అడిగితే అతనూ మొహిద్దీన్ పేరే చెప్పాడు. సొంత సరుకు బాగాలేదని అంగడివాడే చెబితే కొంటామా? రెండు యూనివర్సిటీల మీదా మాకు ఒకేసారి అనుమానం పుట్టింది.

జూలైలో రెండో మీటింగు. ఎక్కువమంది ఫెయిలయ్యే యూనివర్సిటీ గొప్పదా, ఎక్కువమంది పాసయ్యేది గొప్పదా అన్నది అజెండా. ఫెయిలు చేసేదే గట్టిదని ప్రెసిడెంటు గారు, పాసు చేయించేదే సమర్థమైనదని నరసింహారావు గారు. దీపాలు పెట్టే వేళ దాకా తేలలేదు. ఎవరి దగ్గరా అంకెలు లేకపోవడం వల్ల చర్చకు ఎక్కడా ఆటంకం కలగలేదు.

ఈ లోపల హెడ్మాస్టరు గారు ఒక అక్రమం చేశారు. ఆ సంవత్సరం ఎస్.ఎస్.ఎల్.సి. క్లాసులో నలభై ఒక్కమంది ఉన్నారు. బడి తెరిచి నెల దాటినా లెక్కల పుస్తకం అట్ట తిప్పలేదు. ఆయన ఎవరికీ చెప్పకుండా దేవానందాన్నీ మొహిద్దీన్‌నూ పిలిచి, నిర్ణయం తేలేదాకా చెరొక పూట పాఠం చెప్పమని బతిమాలారు. ఇద్దరూ ఒప్పుకున్నారు. దేవానందం పాస్టరు గారింట్లో సర్దుకున్నాడు. మొహిద్దీన్ మాచర్ల నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు.

ఎనిమిది రోజులు జరిగింది. పొద్దున సముద్రం ఒడ్డు బీజగణితం, మధ్యాహ్నం కృష్ణ అవతలి రేఖాగణితం. రెండు యూనివర్సిటీల లెక్కలు ఒకే బుర్రలో కలిస్తే పిల్లలేమైపోతారు? మేం భయపడ్డట్టే అయింది. పిల్లలకు లెక్కలు రావడం మొదలైంది.

అందరికన్నా ముందు వచ్చింది ఎస్తేరుకు. ఊరవతల పేటలో ఉండే రాహేలు కూతురు. రాహేలు మిరప కోతలకూ, నాపరాళ్ళ గనిలో మోతకూ వెళ్ళే మనిషి. ఆ పేట నుంచి ఎస్.ఎస్.ఎల్.సి. దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల ఎస్తేరు. పాసైతే ట్రైనింగులో చేరి టీచరవుతుందని తల్లి అందరికీ చెప్పేది.

విషయం తెలియగానే ప్రెసిడెంటు గారు బడికి వచ్చి ఆ పాఠాలు ఆపించారు. డిగ్రీ విలువ తేలకముందే దాన్ని వాడేయడం ఏం న్యాయం?

మర్నాడు మూడో మీటింగు జరుగుతుండగా రాహేలు వచ్చింది. గని నుంచి నేరుగా వచ్చిందేమో, చీరంతా రాతిదుమ్ము. వరండా కింద నిలబడింది.

"అయ్యా, ఏడ సదివినోడైతే ఏందయ్యా? మా పిల్లకి లెక్క తెలుస్తంది. ఆ ఇద్దర్లో ఎవురో ఒకర్ని ఉంచండయ్యా."

"నీకు తెలవదు రాహేలూ," అన్నారు ప్రెసిడెంటు గారు ఓపిగ్గా. "చానా లోతుగా చూడాల్సిన సంగతి ఇది. నువ్వు పోయి నీ పని చూసుకో."

ఆమె పోలేదు. మెట్టు పక్కన నేల మీద కూర్చుని మీటింగు అయ్యేదాకా మా మాటలు వింది. తరువాతి మీటింగులకూ వచ్చి అక్కడే కూర్చుంది. మాట్లాడేది కాదు. వినేది. మా చర్చలకు ఉన్న ఏకైక శ్రోత ఆవిడే.

ఆగస్టులో స్నాతకోత్సవాల ఫోటోలు తెప్పించి, ఏ యూనివర్సిటీ గౌను ఎంత పొడవుందో చూశాం. ఆ తరువాత మూడు యూనివర్సిటీలకూ ఉత్తరాలు రాశాం, "మీ మూడింటిలో ఏది ఉత్తమమైనదో దయచేసి తెలియజేయవలెను" అని. ఉత్తరం నేనే రాశాను. చేతిరాత బాగుంటుందని నాకు పేరు. ఒక చోటి నుంచి మాత్రం జవాబు వచ్చింది. అందులో హాస్టలు అప్లికేషను ఫారం ఉంది. వెంకటప్పయ్య గారు దాన్ని ఫ్రేము కట్టించి చావిట్లో తగిలించారు.

సెప్టెంబరులో దేవానందానికి నాగార్జునసాగర్ డ్యామ్ దగ్గర లెక్కలు చూసే గుమాస్తా ఉద్యోగం దొరికింది. మొహిద్దీన్‌కు నది అవతల ఏదో హైస్కూల్లో వచ్చింది. ఇద్దరూ ఒకే బస్సెక్కి వెళ్ళారు. వెళ్ళేముందు దేవానందం నా దగ్గరికి వచ్చాడు.

"ఏది మంచి యూనివర్సిటీ అని తేలిందాండీ?" అని అడిగాడు. వెటకారమేమో అని మొహంలోకి చూశాను. అలాంటిదేమీ కనిపించలేదు.

"ఇంకా పరిశీలనలో ఉంది," అన్నాను.

"పిల్లలకు భిన్నాలు రావడం లేదండీ. ఎవర్ని వేసినా ముందు అవి చెప్పమనండి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

డిసెంబరులో తేలింది. అందరం మరచిపోయిన మూడో యూనివర్సిటీ, కొండ కింద ఉన్నది, అన్నిటికన్నా ఉత్తమమని తీర్మానించాం. ప్రెసిడెంటు గారి చిన్నల్లుడి తమ్ముడు లక్ష్మీనారాయణ అక్కడ చదివాడు. మూడుసార్లు పరీక్షకు వెళ్ళాడు. మూడుసార్లూ తప్పాడు.

"మావాడంతటోడే గట్టెక్కలేకపోయాడంటే, ఆ యూనివర్సిటీ స్టాండర్డు ఏ పాటిదో చూసుకోండి," అన్నారు వెంకటప్పయ్య గారు.

ఈ వాదాన్ని కాదనగలిగినవారు ఉంటే ముందుకు రావచ్చు. మేం రాలేదు. పర్మనెంటు మాస్టారు దొరికేదాకా అని కాగితం రాసి, లక్ష్మీనారాయణను లెక్కలకు వేశాం. నేను చెయ్యి ఎత్తాను. మెట్టు పక్కన రాహేలు కూర్చునే ఉంది.

లక్ష్మీనారాయణ గైడులోని జవాబులను బోర్డు మీదికి ఎక్కించి, పిల్లల చేత పుస్తకాల్లోకి దింపించాడు. మార్చిలో పరీక్షలైనాయి. మొన్న జూన్‌లో పేపర్లో నంబర్లు పడ్డాయి. నలభై ఒక్కమందిలో తొమ్మిదిమంది పాసయ్యారు. ఎస్తేరుకు తెలుగులో బడికే ఫస్టు మార్కు వచ్చింది. లెక్కల్లో ఇరవై ఎనిమిది. ముప్ఫై అయిదు రావాలి.

యూనివర్సిటీ మంచిదే, పిల్లలే చాలరని కమిటీ అభిప్రాయపడింది.

ఫలితాలు వచ్చిన నాలుగో రోజు సాయంత్రం రాహేలు మా ఇంటికి వచ్చింది. అరుగు కిందే నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అయ్యా, మీ అబ్బాయికి లెక్కల్లో డెబ్బై ఒకటి వచ్చినయ్యంట."

అవునన్నాను. పాఠకులకు ఇంతదాకా చెప్పే సందర్భం రాలేదు. జూలైలో రెండో మీటింగు అయిన మర్నాడే నేను మావాణ్ణి రైలెక్కించి నరసరావుపేటలో మా బావమరిది ఇంట్లో దింపి, అక్కడి బళ్ళో చేర్పించాను. వెంకటప్పయ్య గారి మనవడు అప్పటికే గుంటూరులో ఉన్నాడు. నరసింహారావు గారి హైమావతి సత్తెనపల్లిలో మేనత్త దగ్గర ఉండి చదివింది. ముగ్గురూ పాసయ్యారు.

"సెప్టెంబరు పరీచ్చకి మా పిల్లని మళ్ళా కూకోబెడదామని," అంది రాహేలు. "మా తమ్ముడు డ్యామ్ కాడ రాళ్ళు మోస్తండాడు. దేవానందం అయ్యగారు ఆదివారాలు లెక్కలు చెప్తానన్నాడంట. పంపుదామనే ఉంది. అయితే మీరందరూ అన్ని దినాలు కూకోని మాట్టాడుకున్నారు గదా. ఆయన సదివింది మంచిది కాదేమోనని బయమేసింది. రెండోసారీ పోతే ఇంక దాన్ని సదివించలేనయ్యా."

అరుగు మీద కూర్చోమని మళ్ళీ చెయ్యి చూపించాను.

"అందుకని అడగొచ్చినా. నరసరావుపేటలో మీ అబ్బాయికి లెక్కలు చెప్పిన పంతులు ఏ యూనివర్సిటీలో సదివాడయ్యా? దేవానందం అయ్యగారూ అందులోనే అయితే నాకు దైర్నం."

"నాకు తెలియదు రాహేలూ," అన్నాను. "నేను అడగలేదు."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"అడక్కుండానే పంపారా అయ్యా?"

నిష్ఠూరంగా అనలేదు. తెలుసుకోవడానికే అడిగింది. చీకటి పడుతోందని కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. మర్నాడే ఎస్తేరును డ్యామ్ దగ్గరికి పంపిందని తరువాత తెలిసింది. సెప్టెంబరు పరీక్షలో ఎస్తేరుకు లెక్కల్లో నలభై తొమ్మిది వచ్చాయి. ఇప్పుడు ట్రైనింగులో ఉంది.

నరసరావుపేటలో ఆ మాస్టారు ఏ యూనివర్సిటీలో చదివాడో నేను ఇప్పటికీ కనుక్కోలేదు. నాకు ఆ అవసరం పడలేదు.