వాసన చూసిన మందారం

పెరట్లో మందారం వేసుకున్నవాడికి పూలదొంగను మించిన ఆప్తుడు లేడు! నవ్వకండి, గట్టిగానే అంటున్నాను.

అరసవల్లి జోగయ్యనే చూడండి. ఆయన భార్య దాలమ్మ బొబ్బిలిలోని పుట్టింటి నుంచి ఎర్రమందారం కొమ్మ తెచ్చి గోడవార పాతింది. మొండి మొక్క. మేక కొరికినా చిగురిస్తుంది, తుపానుకి పడుకున్నా మళ్లీ లేస్తుంది. దానికి లోటల్లా పువ్వులే. తెల్లారేసరికి ఒక్కటీ ఉండదు!

దాలమ్మకి ఒకటే కోరిక, తన చెట్టు పువ్వు తన ఇంటి దేవుడికి పెట్టుకోవాలని. ఆ దేవుడు రెండేళ్లుగా తులసాకులతో సరిపెట్టుకుంటున్నాడు.

అయినా లాభాలు చూడరేం? డాక్టరు వాకింగు చెయ్యమంటే ఎవరు లేస్తున్నారు? మందారం పూస్తే వీధి వీధంతా కోడికన్నా ముందే లేస్తోంది! గోడ దూకడాన్ని మించిన ఎక్సర్‌సైజు ఉందా? ఆదివారం సూర్యదేవుడికి ఎర్రపువ్వులు కావాలి గనక టార్చిలైట్లు కూడా వస్తాయి. దీపం లేని సందుకి అంతకన్నా ఏం కావాలి!

పక్కింటి నరసింగరావైతే దోటితో మొగ్గలే లాగేస్తాడు.

"దేవుడికి కోస్తే దొంగతనమేటి బావా? పున్నెంలో నీకూ వాటా ఉంటాది" అంటాడు.

కూర్చున్నచోటికే పుణ్యం! ఏ యాత్రకెళితే దొరుకుతుంది?

జోగయ్య తక్కువ మాటల మనిషి. ఓ ఆదివారం వీధికన్నా ముందే లేచి, నరసింగరావు దోటి ఎత్తేలోపల, విచ్చుకుంటున్న ప్రతి పువ్వుకీ ముక్కు ఆనించి గట్టిగా పీల్చాడు. మందారానికి వాసనెక్కడిదంటారా? లేకపోతేనేం! వాసన చూసిన పువ్వు దేవుడికి పనికిరాదు.

"ఎంగిలి సేసీసినావేటి బావా!" అంటూ నరసింగరావు దోటి దించేశాడు. ఆ కేక విని టార్చిలైట్లూ వెనక్కి తిరిగాయి.

పొద్దెక్కింది. చెట్టు నిండా ఎర్రటి పువ్వులే! దాలమ్మ సజ్జ పట్టుకుని పరుగున వచ్చింది.

"ఎలాగ మిగిలినాయి?"

"అన్నీ వాసన సూసీసినాను" అన్నాడు జోగయ్య గర్వంగా.

సజ్జ కిందికి జారింది. "నీ ముక్కు తగిలిన పువ్వులు నా దేవుడికి ఎట్టమంటావేటి? బుర్రున్నాదా నీకు?"

అని, విసవిసా గోడ దగ్గరికి నడిచి, అవతలి నరసింగరావు నందివర్ధనం కొమ్మ వంచింది.

"ఇదేటప్పా!" అక్క వరసైన దాలమ్మ మీదికి నరసింగరావు లబోదిబోమంటూ వచ్చాడు. "ఒక్క మాట అడిగి కోసుకుంటే నీ నోరు అరిగిపోతాదేటి?"

జోగయ్య మురిసిపోయాడు. రెండేళ్లుగా తన గొంతులో ఇరుక్కున్న మాట అదే. దాన్నింత చక్కగా పలికిపెట్టినవాడు ఆప్తుడు కాక మరెవరు?