పృష్ఠయంత్ర శకటము మిట్ట నెక్కిన వైనము

ప్రచండ మార్తాండుడు నడినెత్తిన నిలిచి సకల చరాచరములను నిర్దాక్షిణ్యముగా వేపుచున్న ఒకానొక ఆదివారమున, ఊరి చివరి నిట్టనిలువు మిట్ట పాదమున, ఒక పృష్ఠయంత్ర శకటము, అనగా ఇంజను వెనకనున్న బుల్లి కారు, పొగలు కక్కుచు నిలిచియుండెను. దాని చక్రము పట్టిన మహావీరుడు పిల్లలకు బొమ్మలు నేర్పి పొట్టపోసుకొను డ్రాయింగు మాస్టారు.

ఆ శకటరాజము చరిత్ర వినుడు! మాస్టారి తాత దానిని కొత్తగా తెచ్చిననాడు, ఇరుగుపొరుగువారు ముందు మూత తెరచి చూచి, ఇంజనును దొంగలెత్తుకుపోయిరని గగ్గోలు పెట్టిరి. తండ్రి హయాములో అది ఇంటిల్లిపాదిని, వారి పరుపులను మోసెను. వెనక సీటు చలికాలమున స్వర్గము, ఎండాకాలమున నరకము. తలప్రాణము తోకకు వచ్చుట ఇతర వాహనములకు ఆపద, దీనికది జన్మలక్షణము. ముక్కు తేలికగుటచే ముందరి అరలో ఇసుక బస్తా వేయుట ఆ ఇంటి ఆనవాయితీ. తండ్రి ఒడిలో కూర్చుండి తొలిసారి చక్రము తిప్పినది ఇందులోనే గనుక, ఇది పోయిన నాడు నాన్న రెండవసారి పోయినట్లేనని మాస్టారి బాధ.

పక్క సీటులోని ఇల్లాలికి అట్టి బాధలు లేవు.

"చూడండి, ఎవ్వరూ తొయ్యకుండా మిట్ట మీద మా పిన్ని ఇంటిదాకా ఎక్కిందా, ఉంచుకోండి. ఎక్కలేదా, రేపే పాత ఇనుం వాడికి. మా తమ్ముడే సాక్షి."

సాక్షి యనగా, వెనక సీటు నాసాంతము ఆక్రమించి, పరిహాసమే వృత్తిగా బ్రతుకుచున్న బావమరిది.

"ఎక్కుతుందంటావా బావా? సంచి మోసుకుంటూ ఆ ముసలమ్మ కూడా మనని దాటిపోతోంది!"

మాస్టారు రోషారుణిత నేత్రుడై గేరు వేసి గర్జించెను: "ఓ శకటోత్తమా! తరత్రయ సేవిత చక్రచతుష్టయా! పాత ఇనుము వాని తూకపురాళ్ళు నిన్ను పిలుచుచున్నవి. లెమ్ము! ఈ మిట్ట మదమణచుము!"

శకటోత్తమము దగ్గెను, తుమ్మెను, కదలెను. సగము మిట్ట నెక్కునంతలో దాని నాసిక గాలిలో తేలెను. చక్రము కుడికి త్రిప్పిన కారు ఎడమ కాలువ వైపు నడచుచుండ, మాస్టారు అదరిపడి బ్రేకు తొక్కెను.

"ముందు ఇసుక బస్తా ఏదే?"

"పిన్నికి తెచ్చిన సామానుకి చోటు చాల్లేదు. ఇసుక కుండీల్లో పోసేశాను."

హతవిధీ! ఇల్లాలి పూలకుండీలలో వంశప్రతిష్ఠ పూడిపోయెను. చెమటలు కారుచుండ వెనుదిరిగిన మాస్టారి చూపు బావమరిది బొజ్జపై వ్రాలి, అచ్చటనే ఆగెను.

"ఓ స్థూలకాయ సార్వభౌమా! నీ భారము భూమికి బరువు కాదని నేడు నిరూపింపుము! ఈ రథాగ్రము నధిరోహింపుము!"

"ఏంటి బావా అనేది?"

"ముందు మూతెక్కి కూర్చోరా!"

"కొత్త ప్యాంటు బావా!"

"ఎక్కరా వెధవా," అనెను అక్క, "పిన్ని ఇంట్లో అన్నం చల్లారిపోతోంది."

అన్నము మాట చెవిన పడగానే ఆ మహాకాయుడు దిగి, మూతపైకి ప్రాకి, వైపర్లు రెండు చేతులా పట్టుకొనెను. నాసిక నేలకు వంగెను, చక్రము మాట వినెను. కాలుచున్న రేకుపై సాక్షి "అమ్మో, అయ్యో" యని స్తోత్రపాఠములు చేయుచుండ, కారు ముక్కుచు మూల్గుచు ముసలమ్మను దాటి, పిన్నిగారి గేటు చేరెను. ఎవ్వరును తోయలేదు!

"సరే, మాటంటే మాటే. ఉంచుకోండి," అనెను ఇల్లాలు.

మాస్టారు స్టీరింగుపై తల వాల్చి, సిగ్గు విడిచి ఏడ్చెను.

"కానీ కుండీలు ముట్టుకున్నారో ఊరుకోను, మొక్కలు నాటేశాను. ఇకనించి బండి తీస్తే ముందు వీడే."

బావమరిది ప్యాంటు దులుపుకొనుచు, "అలాగే అక్కా, రేపే పెట్టే బేడా తెచ్చేసుకుంటా. మూడు పూటలా కడుపునిండా పెట్టు. బరువు తగ్గితే బావకే ఇబ్బంది," అనెను.

ఇట్లు డ్రాయింగు మాస్టారు భీకర సమరమున మిట్టను జయించి, తండ్రి కారును శాశ్వతముగా దక్కించుకొనెను. బావమరిదిని కూడ.