ధైర్యం చెప్పే మీటరు

మా ఔత్సాహిక విమాన నిర్మాతల సంఘం తరఫున సవినయంగా తెలియజేయునది ఏమనగా, పళ్ళ డాక్టరుగారి విమానంలోని పెట్రోలు మీటరు నిక్షేపంగా ఉంది. గాల్లో ఆగిపోయింది ఇంజను మాత్రమే.

డాక్టరుగారు కారును వీధిలోకి నెట్టి, ఆ షెడ్డులో ఇద్దరు పట్టే చిన్న విమానం కట్టుకున్నారు. రెక్కలకు గుడ్డ కుట్టి, ఇస్త్రీపెట్టెతో బిగువు తెచ్చింది ఆయన భార్య. ఆ కుట్టులో వంక పెట్టడానికేమీ లేదు కనుక సంఘం సమావేశాల్లో దాని ప్రస్తావన రాలేదు. చర్చంతా పరికరాల మీదే. కొన్న పరికరం బిగించడం మాలో నామోషీ. డాక్టరుగారు వేగం చూడటానికి బీపీ మీటరు అమర్చారు. విమానం ఎంత వేగంగా పోతోందో, ఎంత కంగారు పడుతోందో ఒకేసారి తెలుస్తుందని అధ్యక్షులవారు కొనియాడారు.

పెట్రోలు మీటరు ఆయన సొంత సృష్టి. టాంకులో ఒక బిరడా తేలుతుంది. బిరడాకి తీగ, తీగ చివర ముల్లు. పెట్రోలు తగ్గితే ముల్లు దిగాలి. బిరడా నానిపోకుండా డాక్టరుగారు పళ్ళకు వాడే సిమెంటు పూశారు. చెయ్యి ధారాళం కావడంతో తీగ కూడా అతుక్కుపోయి, ముల్లు ‘నిండు’ దగ్గర శాశ్వతంగా స్థిరపడింది.

"ఏవండీ, పొద్దుట్నుంచీ ఇంజను తిప్పుతూనే ఉన్నారు. ముల్లు కదల్లేదేం?" అని భార్య అడిగింది.

"ఇంజను పొదుపుగా తాగుతోందన్నమాట."

"ఓసారి పుల్ల ముంచి చూస్తే పోదూ?"

"నా మీటరుని కాదని పుల్లని నమ్మితే సంఘంలో తలెత్తుకోగలనా?"

ఆయన భయం నిజమే. ఆ సాయంత్రమే అధ్యక్షులవారు ముల్లును దర్శించి ప్రసంగించారు: "మిత్రులారా, ఇంతకాలం మన మీటర్లన్నీ మనల్ని భయపెట్టాయి. ధైర్యం చెప్పే మీటరు ఇదొక్కటే." చాలాసేపు చప్పట్లు కొట్టాం.

తొలిసారి ఎగిరే రోజు ఆమె మళ్ళీ పుల్ల మాటెత్తబోయి, భర్త మొహంలో వెలుగు చూసి ఊరుకుంది. పక్క సీట్లో కూర్చుని బెల్టు బిగించుకుంది. ఊరి మీద ఒక చుట్టు తిరిగారు. మేడ మీద దుప్పట్లు ఆరేస్తున్నవాళ్ళు చేతులూపారు. అంతలో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

డాక్టరుగారు మీటరును వేలితో తట్టారు. నిండుగానే ఉంది.

"పెట్రోలుంది," అన్నారు.

"ఉంటే ఉండనివ్వండి. ముక్కు దించండి, వేగం పోతోంది. అదిగో, బడి మైదానం." ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "రెక్కలు నేను కుట్టినవేగా, ఏం కాదు."

ఆయన ముల్లు మీంచి చూపు తీసి నేల మీద పెట్టారు. విమానం గోలుపోస్టును తప్పించుకుని, గడ్డి మీద గెంతి, ఒక చక్రం వంకర చేసుకుని ఆగింది. ఆమె దిగి అక్కడే చతికిలబడింది. ఆయన పక్కన కూర్చున్నారు.

"నువ్వు చెప్పినప్పుడే చూడాల్సింది."

"ఇంటికెళ్ళాక మాట్లాడదాం," అందామె. గాల్లో కంటే అప్పుడే ఎక్కువ భయమేసిందని ఆయన తర్వాత మాతో అన్నారు.

సంఘం విచారణ జరిపింది. మీటరు మొదటినుంచీ ఒకే మాట మీద నిలబడిందనీ, మాట తప్పింది పెట్రోలేననీ ఏకగ్రీవంగా తేల్చింది. ఆ మీటరుకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. విమానం లేనివాళ్ళు కూడా కావాలన్నారు. మంచినీళ్ళ సరఫరావారు ఊరి టాంకుకు అడిగారు. ఒక బ్యాంకువారైతే ఎందుకో చెప్పకుండానే అడిగారు.

డాక్టరుగారికి మాత్రం బుద్ధొచ్చింది. భార్యతో కలిసి సిమెంటు గీకేసి, ఉన్నది ఉన్నట్టు చూపే మీటరు చేసి అధ్యక్షులవారికి బహూకరించారు. వారం తిరక్కుండా ఆయన దాన్ని వెనక్కి పట్టుకొచ్చారు.

"ఇది వట్టి పిరికి మీటరమ్మా. ఎగిరినకొద్దీ దిగిపోతోంది."

"పెట్రోలు పోయించండి, లేస్తుంది," అందామె.

"పోయిస్తే ఏదైనా లేస్తుంది. పోయించకుండా లేచేది లేదా?"

న్యాయమైన ప్రశ్న. ఆయన వెనక నిలబడ్డ మేమంతా అదే అడగడానికి వచ్చాం. మీక్కూడా అలాంటిదే కావాలంటే కాస్త ఓపిక పట్టాలి, వరుస వీధి మలుపు దాటింది.