ఆయనగారి బదిలీ

ఆ గురువారం సూపరింటెండెంటు గారు పెట్టుకున్న పనులు రెండే: పొద్దున్నే ఒక మెమో రాయడం, పదిన్నరకు డాక్టరు దగ్గర పన్ను పీకించుకోవడం. మొదటిది నొప్పి లేని పని అని ఆయన నమ్మకం.

నీటి పంపులు తయారుచేసే ఆ కంపెనీలో వెనకాల అందరూ ఆయన్ను ‘సర్వనామం గారు’ అనేవారు. ఒకసారి రాసిన పేరు మళ్లీ రాయడం సిరా దండగ అన్నది ఆయన సిద్ధాంతం. ఎవరి కాగితంలోనైనా ఒకే పేరు రెండుసార్లు కనబడితే రెండోదాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, పైన ‘ఆయన’ అనో ‘అది’ అనో రాసి తిప్పి పంపేవారు. డైరెక్టరమ్మ ఉత్తరాలకు కూడా మినహాయింపు లేదు. కిందటేడు ఒక గుమస్తా “‘అది’ అంటే ఏది సార్?” అని అడిగి నలభై నిమిషాలు నిలబడి వ్యాకరణం విన్నాడు. అప్పటినుంచి ఆ ఆఫీసులో అర్థం కాకపోవడం మామూలే గానీ, అడగడం మాత్రం లేదు.

డైరెక్టరమ్మ ముందురోజు పంపిన ఉత్తరాన్ని ఒక్కసారే చదివి, మడిచి జేబులో పెట్టుకుని, సర్వనామం గారు మెమో రాశారు:

“స్టోర్ కీపరు గారు డ్రాఫ్ట్స్‌మన్ గారితో పద్దెనిమిదేళ్లుగా ఒకే గదిలో పనిచేస్తున్నారు. ఆయన్ను కొత్త శాఖకు బదిలీ చేశారు. ఈ సాయంత్రం నాలుగింటికి వీడ్కోలు సభ. ఏర్పాట్లు ఆయనే చూస్తారు. డైరెక్టరు గారు స్వయంగా చెప్పేదాకా ఆయనకు తెలియకూడదు.”

“టైపు చేసి ఆయనకిచ్చెయ్,” అని టైపిస్టు చేతిలో కాగితం పెట్టి, వాచిన దవడ పట్టుకుని వెళ్లిపోయారు.

‘ఏ ఆయనకి?’ అన్న ప్రశ్న టైపిస్టు నాలుక చివరిదాకా వచ్చి, నలభై నిమిషాలు గుర్తొచ్చి లోపలికి పోయింది. ఆమె మెమోను మూడుసార్లు చదివింది. చదివినకొద్దీ ఆ ‘ఆయన’ అటూ ఇటూ దూకుతున్నాడు. చివరికి రెండు కాపీలు తీసి ఇద్దరికీ చెరొకటి ఇచ్చింది. ఇద్దరిలో ఒకరైనా ఆయన కాకపోరు కదా!

స్టోర్ కీపరు చదివి, వెళ్లేది డ్రాఫ్ట్స్‌మన్ అనుకున్నాడు. డ్రాఫ్ట్స్‌మన్ చదివి, వెళ్లేది స్టోర్ కీపరు అనుకున్నాడు. ఇద్దరికీ సంతోషం పట్టలేదు. ఆ గదిలో ఉన్నది ఒక్కటే ఫ్యాను. వేస్తే డ్రాఫ్ట్స్‌మన్ పంపుల బొమ్మలు గీసే కాగితాలు ఎగిరిపోతాయి, ఆపితే స్టోర్ కీపరుకు చెమటలు. పద్దెనిమిదేళ్లుగా వాళ్ల మాటలన్నీ ఆ స్విచ్చు చుట్టూనే తిరిగాయి.

స్టోర్ కీపరు లేచి ఫ్యాను ఆపాడు. “పని చేసుకోండి పాపం, కాగితాలు ఎగురుతున్నాయి.”

డ్రాఫ్ట్స్‌మన్ లేచి ఫ్యాను వేశాడు. “అయ్యో, మీకు ఉక్కపోయదూ?”

పదకొండున్నరలోపు ఫ్యాను తొమ్మిదిసార్లు ఆగింది. ఇంత మర్యాద చూసి, అవతలివాడికి బదిలీ సంగతి ఎలాగో తెలిసిపోయి బెంగపెట్టుకున్నాడని ఇద్దరూ నిశ్చయించుకున్నారు. చెరొక కేకు చెప్పొచ్చారు.

స్టోర్ కీపరు టైపిస్టును పిలిచి గుసగుసలాడాడు. “అమ్మాయ్, ఆయన భార్యకి కూడా ఫోన్ చేసి రమ్మను. బావుంటుంది.”

స్టోర్ కీపరుకు పెళ్లి కాలేదు కాబట్టి ఈ ఆయన ఎవరో టైపిస్టుకు మొదటిసారి స్పష్టంగా తెలిసింది. ఉత్సాహంగా ఫోన్ చేసింది.

“అమ్మగారూ, ఆయన్ని బదిలీ చేశారండీ. నాలుగింటికి సభ, మీరు రావాలి.”

“ఎవర్నీ, మా ఆయన్నా?”

“ఆయన్నేనండీ. ఇంకా ఆయనకి తెలీదు.”

ఆవిడ ఆలస్యం సహించే మనిషి కాదు. మధ్యాహ్నానికల్లా ఇల్లు ఖాళీ చేస్తున్నామని ఇంటి ఓనరుకు చెప్పేసింది. ఆయన గంటలో కొత్తవాళ్లకు మాటిచ్చేశాడు. ఎప్పటినుంచో కన్నేసి ఉన్న సోఫాను ఆడపడుచు వచ్చి పట్టుకుపోయింది.

నాలుగింటికి సభ మొదలైంది. డైరెక్టరమ్మ ముందు వరుసలో కూర్చున్నారు. పక్కన సర్వనామం గారు, నోటినిండా దూదితో. డాక్టరు రాత్రిదాకా మాట్లాడొద్దన్నాడు.

స్టోర్ కీపరు లేచాడు. “ఈయన గీసిన ఒక్క గీత కూడా వంకర పోలేదండీ. ఇలాంటి మనిషి మళ్లీ దొరకడు.” పోయేవాణ్ణి ఎంత పొగిడినా నష్టం లేదని ఆయన ధైర్యం.

డ్రాఫ్ట్స్‌మన్ కళ్లు నిజంగానే చెమర్చాయి. “నన్ను ఇంతగా మెచ్చుకున్నవాళ్లు లేరు. అన్నయ్యా, అక్కడ నీళ్లు మరగబెట్టుకుని తాగు.”

“ఎక్కడ?”

“నువ్వెళ్లే చోట.”

“నేనెళ్లడమేంటి? వెళ్లేది నువ్వు!”

సరిగ్గా అప్పుడే డ్రాఫ్ట్స్‌మన్ భార్య లోపలికొచ్చింది. “ఏమండీ, సోఫా ఇచ్చేశాను, ఇల్లు వదిలేశాను. ఇంతకీ మనం పోయే ఊళ్లో బడి ఉందా?”

డ్రాఫ్ట్స్‌మన్ కుర్చీ కోసం వెతుక్కున్నాడు. డైరెక్టరమ్మ మెమో తెప్పించుకుని రెండుసార్లు చదివారు. “ఇందులో ‘ఆయన’ ఎవరండీ?”

సర్వనామం గారు చీటీ మీద రాసి ఇచ్చారు: ‘ఆయనే.’

“అదే, ఎవరు?”

ఆయన విసుగ్గా స్టోర్ కీపరును వేలితో చూపించారు.

“నేను రాసింది డ్రాఫ్ట్స్‌మన్ గారి గురించి కదా!”

సర్వనామం గారు జేబులోంచి ఉత్తరం తీసి ముందుపెట్టారు. ‘డ్రాఫ్ట్స్‌మన్ గారి పని గురించి స్టోర్ కీపరు గారితో మాట్లాడాను. ఆయన్ను కొత్త శాఖకు పంపుదాం’ అని ఉంది.

“పేరు రెండోసారి రాస్తే ఎర్రసిరాతో కొట్టి పంపుతారని ‘ఆయన’ అన్నాను,” అన్నారు డైరెక్టరమ్మ. గదిలో ఎవరో దగ్గారు. తక్కినవాళ్లు దగ్గడానికి కూడా భయపడ్డారు.

“వీళ్లని విడదీయకండమ్మా,” అంది టైపిస్టు, తన ధైర్యానికి తనే ఆశ్చర్యపోతూ. చూస్తే ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు. అన్నన్ని మంచి మాటలు అనేసుకున్నాక, వెనక్కి తీసుకునే దారి వాళ్లకు తోచలేదు.

డైరెక్టరమ్మ మెమో మడిచి పక్కన పెట్టారు. “సరే, వీళ్లిద్దరూ ఇక్కడే ఉంటారు. కొత్త శాఖకి ఒక సూపరింటెండెంటు కూడా కావాలి. ఆయన వెళ్తారు. ఆయన ఖాళీ చేసే కంపెనీ క్వార్టరులో ఈ అమ్మా వాళ్లు ఉంటారు.”

సర్వనామం గారు చీటీ మీద ఒక మాట రాశారు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆయన అలాంటిది రాయడం అదే మొదలు: ‘ఎవరు?’

బదిలీ ఉత్తర్వు టైపిస్టే తయారుచేసింది. ప్రతి వాక్యంలోనూ ఆయన పూర్తి పేరు, ఇంటిపేరు, హోదా మళ్లీ మళ్లీ కొట్టింది. ఉత్తర్వు మూడు పేజీలైంది. సందేహం మాత్రం ఎవరికీ రాలేదు.