బకాసురుడి కథలో మా అమ్మ చేసిన పదకొండు తప్పులు

మొన్న ఆదివారం నేను చేయాల్సిన పనులు ఇవి. గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించాలి. ఆత్మకూరు వెళ్లి అమ్మ కళ్లద్దాలు తేవాలి. మా అమ్మాయి అశ్విత కామిక్ పుస్తకాలకు అట్టలు వేయాలి. అమ్మ చెప్పే భారతంలో తప్పులు దిద్దాలి.

నాలుగోది చూసి నవ్వకండి. దుత్తలూరు పక్కన గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. ఇంటిల్లిపాదికీ సరైన భారతం అందించే బాధ్యత నాది కాదా?

అందుకే ఘంటాపథంగా చెబుతున్నాను. ఈ కాలంలో మన పురాణాలకు జరిగిన అతి పెద్ద మేలు కామిక్ పుస్తకమే!

ఎంత శుభ్రం! పన్నెండేళ్లు అడవుల్లో తిరిగినా ద్రౌపది కనుబొమ్మ చెదరదు. ఆ అడవిలో బ్యూటీ పార్లర్ ఉండి తీరాలి. ధర్మరాజుకు కూడా సిక్స్ ప్యాక్! పాచికలాడే మనిషికి జిమ్‌కు తీరిక ఎప్పుడు దొరికిందో! ఇక రాక్షసులందరూ నల్లగా ఉంటారు కాబట్టి చెడ్డవాళ్లెవరో వెతుక్కునే పని లేదు. ఆ లెక్కన మా ఊళ్లో నాతో సహా అందరం రాక్షసులమే అనుకోండి. అయినా సౌకర్యం సౌకర్యమే కదా?

పైగా ముప్పై రెండు పేజీల్లో కురుక్షేత్రం ముగుస్తుంది. మా అమ్మ దేవకమ్మ చెబితే మంద కదిలే కొద్దీ కథ సాగేది. నా చిన్నప్పుడు ఒక్క బకాసురుడే మాతో సోమశిల దాకా వచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఆ కథే అశ్వితకు ఎత్తుకుంది. నేను పుస్తకం తెరిచి, ఎర్ర పెన్ను పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

బకాసురుడిది ఉదయగిరి కొండ అంది. తప్పు. ఏకచక్రపురం, నాలుగో పేజీ. బండి నిండా జొన్న సంగటి పోశారంది. తప్పు. బొమ్మలో లడ్లు ఉన్నాయి. కుంతమ్మ కొడుకు తలకు నూనె రాసి పంపిందంది. ఆ బొమ్మే లేదు! ఇలా మరో ఏడు. భీముడు ముందు బండికి కట్టిన దున్నపోతులను విప్పి, నీళ్లు చూపించి, ఆ తర్వాతే తినడానికి కూర్చున్నాడంది. బొమ్మలో నేరుగా తినేస్తున్నాడు కదమ్మా అని పేజీ చూపించాను.

అది పదకొండో తప్పని పైకే లెక్క చెప్పాను. అమ్మ కథ ఆపేసి, లేచి మేకపిల్లలకు ఆకు వేయడానికి పోయింది.

మిగతాది అశ్విత పుస్తకంలోనే చదువుకుంది. చదివి నన్ను అడిగింది.

"నాన్నా, రాక్షసుడు బండి కూడుతో పాటు దున్నపోతుల్ని గూడా తినాలి గదా? ఐదో పేజీలో ఉండాయి, ఆరో పేజీలో లేవు. ఏమైనాయి?"

తిరగేశాను. భీముడు గుద్దుతున్నాడు, రాక్షసుడు పడుతున్నాడు, జనం పూలు చల్లుతున్నారు. దున్నపోతులు మాత్రం లేవు. చిన్నప్పుడు విన్నాను నేను. అవి ఎక్కడికో పోతాయి, ఎవరో వాటిని గుర్తుపడతారు, అక్కడ మేమంతా నవ్వేవాళ్లం. డిగ్రీ అయ్యేసరికి మరిచిపోయాను.

ఇద్దరం అమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె ఆకు వేస్తూనే, నా వైపు చూడకుండా చెప్పింది.

"నన్నెందుకురా అడిగేది? చదివినోడివి, బుక్కులో చూసి చెప్పు బిడ్డకి. నేను చెప్తే పన్నెండోది అవతాది."

ఇప్పుడు మా ఇంట్లో భారతం పరమ శుద్ధం. ఒక్క తప్పు లేదు. చెప్పే మనిషీ లేదు. అశ్విత రోజూ వెళ్లి అడుగుతుంది, అవ్వ పుస్తకం తీసి చేతికిస్తుంది. ఇంతకన్నా మేలు ఏముంటుంది?

పాఠకులకు ఒక మనవి. ఆ దున్నపోతుల సంగతి మీకు తెలిసినా నాకు ఉత్తరం రాయకండి. మా ఇంటికి వచ్చి, మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, మా అమ్మనే అడగండి. నాకు చెప్పకపోయినా మీకు చెబుతుందేమో! రాలేనివాళ్లు కనీసం దేవకమ్మ అనే ఒక మనిషి ఉందని, ఆమెకు ఆ కథ చివరిదాకా వచ్చని గుర్తుపెట్టుకోండి. నన్ను నమ్ముకుంటే లాభం లేదు.