శబ్దానికి కారణం

ఆదివారం పొద్దున్న పదింటికి సినిమా మొదలుపెట్టాలి, పదకొండుంబావుకి మామగారు తెర మీద కనిపించాలి, పన్నెండున్నరకి అందరూ భోజనాలకి లేవాలి. అల్లుడు వేసుకున్న పథకం ఇంతే. లిఫ్టులు బాగుచేయడం అతని ఉద్యోగం. జనాన్ని ఎక్కించుకుని, మధ్యలో ఆగకుండా, అనుకున్న అంతస్తులో దించడం తనకి వెన్నతో పెట్టిన విద్య అనుకున్నాడు.

మామగారు రైల్వే స్టేషన్‌లో ముప్పై ఎనిమిదేళ్ళు అనౌన్సరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలినా గొంతు ఆయన్ని వదల్లేదు. భోజనాల దగ్గర ఉప్పు అడిగితే, ప్లాట్‌ఫారం మారిందేమోనని పక్కింటివాళ్ళు కూడా లేచి నిలబడతారు. ఆ గొంతు విని ఎవరో సినిమావాళ్ళు జడ్జి వేషం ఇచ్చారు. ఒకే సీను, ఒకే డైలాగు. "న్యాయం ఆలస్యం కావచ్చు. కానీ రద్దు కాదు."

ఆ సినిమా థియేటర్ల మొహం చూడకుండా నేరుగా ఇళ్ళకే వచ్చేసింది. అయినా మామగారు ఇంతవరకూ చూడలేదు. తనతో పాటే పనిచేసిన స్టేషన్ మాస్టరు పక్కన కూర్చుంటే తప్ప చూడనని భీష్మించాడు. దానికి కారణం ఉంది. ఆ స్టేషన్ మాస్టరు ఇన్నేళ్ళూ ఆయన్ని ఒకే మాటతో పొడిచాడు. "నువ్వు మైకులో చెప్పింది ఒక్క ప్రయాణికుడికైనా అర్థమైందటయ్యా? అందరూ వచ్చి నా కిటికీ దగ్గరే అడిగేవాళ్ళు." "తప్పు స్పీకర్లది, నా గొంతుది కాదు" అని మామగారు ఇన్నేళ్ళూ ఒకే జవాబు చెప్పాడు. రుజువు చేసే అవకాశం మాత్రం రాలేదు.

ఈమధ్య మళ్ళీ ఆ మాటలు జరుగుతున్నప్పుడు పక్కనే ఉన్న అల్లుడు నోరు జారాడు.

"మా ఇంట్లో చూద్దాం మామయ్యగారూ. అయిదు స్పీకర్లు, వాటికి తోడు ఒక బేస్ పెట్టె. చీమ గొంతు సవరించుకున్నా వినపడుతుంది."

ఇంటికొచ్చాక భార్య నిలదీసింది. "మనింట్లో చీమ సంగతి దేవుడెరుగు, హీరో గొంతే సరిగ్గా వినపడదు. తలుపు వేస్తే మాత్రం ఇల్లు కూలినట్టుంటుంది. మా నాన్న పరువు తీస్తారా ఏంటి?"

"సెట్టింగు మార్చాను."

"పోయిన నెలా అదే అన్నారు. మార్చాక చెప్పులు విడిచిన చప్పుడు కూడా పిడుగులా వినపడింది."

అనుకున్న రోజు రానే వచ్చింది. మామగారు ఇస్త్రీ చొక్కాతో, అత్తగారితో, చంకలో ఒక పెద్ద ఫొటోతో దిగాడు. జడ్జి నల్ల కోటులో తను. వెనక చెక్క, ముందు అద్దం, చుట్టూ బంగారు రంగు ఫ్రేము. చిన్నపాటి తలుపంత ఉంది. దాన్ని తీసుకెళ్ళి టీవీ కింద, సరిగ్గా మధ్యలో ఆనించాడు.

"వచ్చినవాళ్ళు ముందు మొహం చూడాలి, తర్వాత గొంతు వినాలి" అన్నాడు.

స్టేషన్ మాస్టరు పదికి రెండు నిమిషాల ముందే వచ్చి, గడియారం చూసుకుని, మెత్తటి కుర్చీలో కూర్చున్నాడు. సినిమా మొదలైంది.

మొదటి సీనులో హీరో, వాళ్ళమ్మ వంటింట్లో మాట్లాడుకున్నారు. పెదవులు కదులుతున్నాయి, మాటలు మాత్రం గోడ అవతల ఎవరో గొణుగుతున్నట్టున్నాయి. అల్లుడు శబ్దం ఇరవై నుంచి నలభైకి పెంచాడు. హీరో మోటార్‌సైకిల్ ఎక్కాడు. సోఫా అదిరింది. అల్లుడు పదికి దించాడు. హీరోయిన్ ఏడుస్తూ ఏదో రహస్యం చెప్పింది. యాభైకి పెంచాడు. కొబ్బరికాయంత రాయి పడి కారు అద్దం పగిలింది. స్టేషన్ మాస్టరు కళ్ళజోడు ముక్కు చివరికి జారింది.

అరగంట గడిచేసరికి అల్లుడి బొటనవేలు నొప్పి పుట్టింది. సినిమాలో ఏం జరుగుతోందో అతనికి తెలియదు. తెర వంక చూడటం ఎప్పుడో మానేసి అంకెల వంకే చూస్తున్నాడు.

"వీళ్ళంతా అంత గుసగుసగా ఎందుకు మాట్లాడుకుంటున్నారు బాబూ? మనం వింటున్నామనా?" అని అత్తగారు అడిగింది.

స్టేషన్ మాస్టరు కాళ్ళు చాపుకున్నాడు. "నాకు మాత్రం హాయిగా ఉంది. అచ్చం మన ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద కూర్చున్నట్టే ఉంది."

మామగారు చేతి రుమాలు నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టాడు. అది చూసి అల్లుడు రిమోట్‌తో సహా మామగారి పక్కకి జరిగాడు. ఇంకెవరి మాటా వినపడకపోయినా ఫరవాలేదు. ఆ ఒక్క మాట వినపడాలి.

కోర్టు సీను దగ్గరపడింది. అల్లుడు వంగి మామగారి చెవిలో అడిగాడు. "మీ డైలాగు ముందు పేలుళ్ళేమైనా ఉన్నాయా మామయ్యగారూ?"

"లేవు. నేను లేచి, డైలాగు చెప్పి వెళ్ళిపోయాక బాంబు పేలుతుంది. షూటింగులో అలాగే తీశారు."

ఇంకేం. అల్లుడు ధైర్యంగా ఎనభై రెండుకి పెంచాడు. తీసినవాళ్ళు వేరు, అతికించినవాళ్ళు వేరు అన్న సంగతి లిఫ్టు మెకానిక్కుకి ఎలా తెలుస్తుంది? బాంబు ముందే పేలింది.

గోడ గడియారం కింద పడింది. భార్య చేతిలో టీ కప్పులు ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. పై అంతస్తువాళ్ళు గ్యాస్ సిలిండరు పేలిందని కేకలు వేస్తూ మెట్ల మీద పడ్డారు. ఎవరో ఫైరింజనుకి ఫోను చేశారు. ఇక్కడ తెర మీద పొగ విడిపోయింది. పొగలోంచి నల్ల కోటుతో మామగారు లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు.

కరెంటు పోయింది. ముందుజాగ్రత్తగా కింద ఎవరో మెయిన్ ఆపేశారు.

తలుపు తీసేసరికి ఎదురుగా కింది ఇంటి పళ్ళ డాక్టరు. చేతిలో పట్టకారు, వెనకాల బుగ్గ ఉబ్బిన పేషెంటు.

"సరిగ్గా పన్ను పట్టుకున్న క్షణంలో పేలింది. ఏ పన్ను ఊడిందో ఈయన్నే అడగండి" అన్నాడు డాక్టరు.

పేషెంటు మత్తెక్కిన నోటితో చాలాసేపు ఏదో చెప్పాడు.

"ఈయన మీ స్పీకర్ల కన్నా నయం" అన్నాడు స్టేషన్ మాస్టరు.

ఇంతలో బూట్ల చప్పుడు. హెల్మెట్టు పెట్టుకున్న ఫైర్ అధికారి ఇద్దరు మనుషులతో లోపలికొచ్చాడు. "పేలింది ఏంటి?"

అందరికన్నా ముందు అత్తగారు అందుకుంది. "బాంబు నాయనా. కోర్టులో పెట్టారు. పాపం, జడ్జిగారు లోపలే ఉన్నారు."

అధికారి మొహం మారిపోయింది. వైర్‌లెస్ తీసి, కోర్టుకి ఇంకో బండి పంపమని చెప్పాడు. "ఏ జడ్జి అమ్మా?"

"నేనే" అన్నాడు మామగారు, లేచి నిలబడి.

"మీరా? బయటికెలా వచ్చారు? బాంబు పెట్టినవాణ్ణి చూశారా?"

"చూశాం నాయనా" అంది అత్తగారు. "ముసుగేసుకున్నాడు. ఎందుకు పెడుతున్నాడో చెప్పాడు కూడా. అల్లుడుగారి పెట్టెల్లో సరిగ్గా వినపడలేదు."

అల్లుడు మధ్యలో దూరి అసలు సంగతి చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టింది. వైర్‌లెస్‌లో రెండో బండిని వెనక్కి పిలవడానికి ఇంకో అయిదు. అధికారి కుర్చీ లాక్కుని కూర్చుని, జేబులోంచి ఒక ఫారం తీశాడు. అందులో 'శబ్దానికి కారణం' అనే గడి దగ్గర 'సినిమా' అని రాశాడు. రాసి తలెత్తాడు.

"సంతకం పెట్టే ముందు నా చెవులతో వినాలి. కరెంటు వేయించి ఆ ముక్క మళ్ళీ పెట్టండి. ఈసారి తక్కువలో."

మళ్ళీ పెట్టారు. మళ్ళీ గొణుగుడే. అధికారి రెండు క్షణాలు విని, లేచి, టీవీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మా ఇంట్లోనూ ఇదే గొడవ పడ్డానండీ. సెట్టింగు బాగానే పెట్టారు. కానీ సినిమాలో మాటలన్నీ ఈ నడిమి స్పీకర్లోంచే వస్తాయి. దాని మొహానికి ఇంత చెక్క అడ్డం పెడితే ఎలా?"

ఆయన ఫొటో పక్కకి జరిపాడు. వెనక నడిమి స్పీకరు బయటపడింది. పొద్దుట్నుంచీ అందరి మాటలకీ అడ్డం నిలబడింది మామగారే.

స్టేషన్ మాస్టరు నవ్వు ఆపుకున్నాడు. అల్లుడు మాత్రం పట్టలేని సంతోషంతో సీను వెనక్కి తిప్పాడు. బాంబు తగుమాత్రంగా పేలింది. పొగ విడిపోయింది. మామగారు లేచాడు, నోరు తెరిచాడు. ప్రతి అక్షరం గంట కొట్టినట్టు, గదిలో మనిషి నిలబడి చెప్పినట్టు వినపడింది.

"న్యాయం ఆలస్యం కావచ్చు. కానీ రద్దు కాదు."

గొంతు మామగారిది కాదు. ఎవరిదో. సన్నగా, జలుబు చేసిన ముక్కులోంచి వచ్చింది.

"ఇదెవరండీ మాట్లాడింది?" అని అత్తగారు మొగుణ్ణి అడిగింది. షూటింగు రోజు మైకు తన నెత్తి మీదే వేలాడిందని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో అల్లుడికి గుర్తుంది. అది విన్న గొంతు తీసేసి, ఇంకో గొంతు అతికిస్తారని ఆయనతో ఎవరూ చెప్పలేదు. రుమాలు మడత పెట్టకుండానే ఒళ్ళో పడి ఉంది. అల్లుడి చెయ్యి తనంతట తానే రిమోట్ మీదికి వెళ్ళి శబ్దం సున్నాకి దించేసింది. బాగుచేయకుండా ఉంటే బాగుండేది అనుకున్నాడు, వృత్తిలోకి వచ్చాక మొదటిసారి.

గదిలో అందరూ స్టేషన్ మాస్టరు వంక చూశారు. ముప్పై ఎనిమిదేళ్ళ పందెం ఆయన చేతిలో పడింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, నెమ్మదిగా పెట్టుకున్నాడు.

"నాకు ఒక్క ముక్క అర్థం కాలేదయ్యా" అన్నాడు. "దిక్కుమాలిన స్పీకర్లు. ఇంతకీ ఏమన్నావు? ఓసారి నువ్వే చెప్పు."

మామగారు తలెత్తి ఆయన్ని చూశాడు. తర్వాత లేచి, చొక్కా సర్దుకుని, లేని మైకు ముందు నిలబడినట్టు ఒక అడుగు ముందుకేసి, ఊపిరి నిండా పీల్చాడు.

"న్యాయం ఆలస్యం కావచ్చు. కానీ రద్దు కాదు."

అప్పుడే తిరిగి గోడకి తగిలించిన గడియారం మళ్ళీ కింద పడింది. డాక్టరు వెనకాల పేషెంటు రెండు బుగ్గలూ పట్టుకున్నాడు. ఇళ్ళకి తిరిగి వెళ్తున్న పై అంతస్తువాళ్ళు మళ్ళీ కేకలు వేస్తూ మెట్ల మీద పడ్డారు.

"ఇప్పుడు అర్థమైంది" అన్నాడు స్టేషన్ మాస్టరు.

ఫైర్ అధికారి ఫారం మళ్ళీ బయటికి తీసి, 'శబ్దానికి కారణం' దగ్గర 'సినిమా' కొట్టేసి, 'మామగారు' అని రాసుకున్నాడు.