మైసూర్‌పాక్ ఇప్పించిన సెలవు

1982 నవంబరులో ఒక సోమవారం ఉదయం భీమశంకర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకి వెళ్లాలి, మేనేజర్ హోవర్డ్‌ని రెండు వారాల సెలవు అడగాలి, ఇంటికి రావాలి. అమెరికాలో ఇర్వింగ్ అనే ఊళ్లో ఉద్యోగంలో చేరిన ఐదేళ్లలో ఆయన నోరు తెరిచి సెలవు అడిగింది లేదు. జ్వరమొస్తే జ్వరంతోనే వెళ్లేవాడు.

ఈసారి అడగక తప్పదు. అమెరికా రాకముందు ఆయన జాంబియాలో, బస్సు కూడా సరిగ్గా రాని ఓ పల్లెలో, మిషన్ బడిలో లెక్కలు చెప్పాడు. అక్కడి పెద్ద సిస్టర్ బెర్నడెట్ వచ్చే నెల రిటైరై ఐర్లండ్ వెళ్లిపోతోంది. భార్య రాధారాణి టైఫాయిడ్‌తో మంచం పట్టినప్పుడు తల్లిలా పక్కన కూర్చున్న మనిషి ఆవిడ. ఇప్పుడు వెళ్లకపోతే ఇక చూడటమంటూ ఉండదు. ఆ బడిగంట, ఆ ఎర్రమట్టి ఇప్పటికీ భీమశంకర్ కలలోకి వస్తుండేవి.

"వట్టి చేతుల్తో ఏం అడుగుతారండీ? ముందు నోరు తీపి చెయ్యండి," అని రాధారాణి మైసూర్‌పాక్ డబ్బా చేతిలో పెట్టింది.

రాధారాణికి అన్ని వంటలూ వచ్చు. మైసూర్‌పాక్ దగ్గర మాత్రం పాకం కాస్త ముదురుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని తినేముందు రోకలి వెతుక్కుంటారు.

ఆఫీసులో డబ్బా మూత తియ్యగానే అందరి మొహాలూ వాడిపోయాయి. అక్కడ అంతకుముందు పనిచేసిన మరో తెలుగువాడు కృష్ణమోహన్, ఉద్యోగం మానేసిన రోజున ఇలాగే స్వీట్లు పంచి వెళ్లాడు. ఆ సంగతి భీమశంకర్ మరిచిపోయాడు. వాళ్లు మరిచిపోలేదు.

హోవర్డ్ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. ఇదే అదనని భీమశంకర్ మొదలుపెట్టాడు.

"సర్, వచ్చే నెల ఆఫ్రికా వెళ్దామనుకుంటున్నాం. నేను వర్క్ చేసిన మిషన్‌కి. మీ పర్మిషన్ కావాలి."

హోవర్డ్ మాట్లాడలేదు. దవడలు అతుక్కుపోయి మాట్లాడే వీల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. భీమశంకర్ చెయ్యి పట్టుకుని గట్టిగా తలూపాడు. అంత కరిగిపోయిన మనిషితో రెండు వారాల లెక్క మాట్లాడటం మర్యాద కాదని భీమశంకర్ బయటికొచ్చేశాడు.

మధ్యాహ్నం కేకు వచ్చింది. సెలవు పెడితేనే కేకా! అమెరికావాళ్లది ఎంత మంచి మనసు అనుకుని ఆయన చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాడు. "మిమ్మల్నెవర్నీ మరిచిపోను" అనగానే ఇద్దరు ముక్కులు తుడుచుకున్నారు. తిరిగి తన చోటికి వచ్చేసరికి బల్లమీద ఆయన పేరు పలక లేదు. కుర్చీ కూడా లేదు. నిలబడే ఇంటికి ఫోన్ చేశాడు.

"రాధా, నా జాబ్ పోయినట్టుందే."

"సెలవిచ్చారా లేదా?"

"పూర్తిగా ఇచ్చేశారు."

"అయ్యో రామా! వెళ్లి నిజం చెప్పండి."

"కేకు తినేశానే. ఇప్పుడేం మొహం పెట్టుకుని చెప్పను?"

సాయంత్రందాకా కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుని, చివరికి హోవర్డ్ గదిలోకి వెళ్లాడు. ఈయన నోరు తెరిచేలోపే హోవర్డ్ చెంప నిమురుకుంటూ అందుకున్నాడు.

"పొద్దున మాట్లాడలేకపోయాను. నువ్వు చేసే పని ఇక్కడ ఇంకెవరికీ తెలీదట. తొందరపడి రిజైన్ చెయ్యకు. రెండు వారాలు వెళ్లి చూసి రా. జీతం ఇస్తాం. అక్కడ మనసు నిలవకపోతే నీ కుర్చీ నీదే."

భీమశంకర్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. కానీ విస్తరి ముందు కూర్చుని పెరిగిన మనిషి. ఎవరేం వడ్డించినా మొదటిసారి వద్దనడం ఆయనకి పుట్టుకతో వచ్చిన అలవాటు.

"ఎందుకులెండి సర్," అనేశాడు.

"సరే, మూడు వారాలు," అన్నాడు హోవర్డ్.

ఆ రాత్రి సంగతంతా విని రాధారాణి కళ్లు తుడుచుకుంది. సిస్టర్‌ని చూడబోతున్న సంతోషంలో ఇద్దరికీ అన్నం సహించలేదు. కాసేపటికి ఆవిడ లేచి పొయ్యిమీద మూకుడు పెట్టింది.

"సిస్టర్‌కి కూడా ఓ డబ్బా మైసూర్‌పాక్ పట్టుకెళ్దామండీ."

"వద్దే," అన్నాడు భీమశంకర్. "ఆవిణ్ని నాలుగు మాటలు మాట్లాడనీ."